ఎడమ చేతికి అందే మంట

2023 అక్టోబరు. అమెరికాలో బాతెల్ అనే పట్నం నుంచి తూర్పుగా, కొండల వైపు ముప్పావుగంట డ్రైవ్ చేస్తే వచ్చే ఒక చిన్న ఊళ్లో, ఇళ్లను వెచ్చబరిచే స్టవ్‌లు అమ్మే షాపులో నేను సైట్ సర్వేయర్‌గా చేరి అప్పటికి ఏడాదిన్నర అయింది. ఈ మాట చెప్పగానే తెలిసినవాళ్లు "గ్యాస్ స్టవ్‌లా?" అని అడుగుతారు. కాదు. మా షాపులో వంట పొయ్యి ఒక్కటి కూడా ఉండదు. చలికాలంలో హాల్లో ఒక మూల కూర్చుని ఇల్లంతా వెచ్చగా ఉంచే ఇనప పొయ్యిలు ఉంటాయి. మెకానికల్‌లో మాస్టర్స్ చేసి ఇక్కడ చేరానంటే మా బ్యాచ్‌లో ఎవరూ నమ్మలేదు. నాకు మాత్రం ఈ పని నచ్చింది. కొత్తవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఏం మాట్లాడాలో తెలియని మనిషికి టేపు పట్టుకుని గోడ కొలవడం పెద్ద ఆసరా.

సర్వేయర్ పని ఇది. కొనాలనుకున్నవాళ్ల ఇంటికి వెళ్లి స్టవ్ ఎక్కడ పెట్టవచ్చో, పొగగొట్టం పైకప్పులోంచి ఎలా వెళ్లాలో, గోడకీ స్టవ్‌కీ మధ్య ఎంత ఖాళీ వదలాలో చూడాలి. ఆ ఖాళీని క్లియరెన్స్ అంటాం. ఇవన్నీ ఒక ఫారంలో నింపి, ఏ స్టవ్ అయితే బాగుంటుందో నా అభిప్రాయం రాయాలి. ఎక్కువమంది అడిగేది ఒకటే ప్రశ్న: వుడ్ స్టవ్‌నా, పెల్లెట్ స్టవ్‌నా?

వుడ్ స్టవ్ అంటే కట్టెలతో మండేది. కరెంటుతో దానికి పని లేదు. కానీ కట్టెలు చీల్చాలి, ఎండబెట్టాలి, మోయాలి, రెండు మూడు గంటలకోసారి మంటను చూసుకోవాలి. పెల్లెట్ స్టవ్‌లో రంపపుపొట్టును నొక్కి చేసిన చిన్న గుళికలు మండుతాయి. పైన హాపర్ అనే డబ్బాలో బస్తా గుళికలు పోసి మీట నొక్కితే చాలు. లోపల ఆగర్ అనే మర తిరుగుతూ కాసిని కాసిని మంటలోకి తోస్తుంది. రోజంతా దానంతట అదే మండుతుంది. అయితే ఆ మర తిరగడానికీ, ఫ్యాన్ ఆడడానికీ కరెంటు కావాలి. కరెంటు పోతే అది ఉట్టి ఇనప పెట్టె.

మా షాపు యజమాని పేరు వాల్ట్. ఇరవై ఏళ్ల వయసులో పొగగొట్టాలు శుభ్రం చేస్తూ మొదలుపెట్టి ఇప్పటికీ నిచ్చెన ఎక్కుతాడు. ఆయనకో నియమం ఉంది. కొనేవాళ్లు ఎవరైనా సరే, ముందు నలభై పౌండ్ల, అంటే పద్దెనిమిది కిలోల, పెల్లెట్ బస్తా ఎత్తి హాపర్‌లో పోయాలి. తర్వాత ఒక చేతి మోపు కట్టెలు తెచ్చి వుడ్ స్టవ్‌లో పేర్చాలి. ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో వాళ్లే చేయాలి. "స్టవ్‌ని కళ్లతో కొనకూడదు, నడుముతో కొనాలి" అంటాడు.

ఆ అక్టోబరులో ఒకరోజు షాపు ఫోన్‌కి ఒకావిడ ఫోన్ చేసి, నా పేరు వినగానే "తెలుగమ్మాయివా? వందనాలమ్మా, దేవుడే కలిపాడు" అన్నారు. ఆవిడ పేరు మార్తమ్మ. కాకినాడ దగ్గరి మనిషి. ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సు, వారానికి మూడు రోజులు పన్నెండు గంటల డ్యూటీ. మర్నాడే సర్వేకి వెళ్లాను. కొండ మలుపులో, దేవదారు చెట్ల మధ్య ఒంటరిగా ఉన్న ఇల్లు. తలుపు తీసింది ఆవిడ భర్త ప్రభాకర్ గారు. ఎడమ చేత్తో గొళ్లెం తీసి, నవ్వి, పక్కకి జరిగారు. రెండేళ్ల క్రితం స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి పట్టు పోయింది. మాట వస్తుంది గాని, ఒక్కో మాటనూ వెతికి పట్టుకున్నట్టు వస్తుంది.

"కూర్చోమ్మా. ఆంటీ అను, మేడమ్ గీడమ్ అనకు" అంటూ మార్తమ్మ ఆంటీ వంటింట్లోంచే మాట్లాడుతున్నారు. హాలూ వంటిల్లూ ఒకటే గది, మధ్య గోడ లేదు. ఆవిడ పప్పుకి పోపు పెడుతున్నారు. పొయ్యి మీద పోపు ఘాటుని బయటికి లాగే హుడ్ విమానం లేస్తున్నట్టు హోరుమంటోంది. ఆ హోరు మీదుగా ఆవిడ కేకేసి చెప్పిన కథ ఇది.

కిందటి చలికాలం పెద్ద గాలివాన వచ్చి చెట్లు తీగల మీద పడ్డాయి. నాలుగు రోజులు కరెంటు లేదు. ఇంటిని వెచ్చబరిచేది హీట్ పంప్, అది ఆగిపోయింది. ఆంటీ డ్యూటీలో ఉన్నారు. తర్వాతి షిఫ్ట్ నర్సులు రాలేకపోవడంతో అక్కడే ఉండాల్సి వచ్చింది, పైగా కొండ రోడ్డు మూసేశారు. మర్నాడు మధ్యాహ్నానికి ఎలాగో ఇల్లు చేరేసరికి ప్రభాకర్ అంకుల్ మూడు స్వెటర్లు, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని సోఫాలో ముడుచుకుని ఉన్నారట. ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. పెదాలు నల్లబడ్డాయి.

"నేను ఇరవై ఏళ్లుగా నర్సునమ్మా. ఆ పెదాలు చూసి నేనే పేషెంట్‌నైపోయాను" అన్నారు ఆంటీ. "మా అమ్మాయి సారా ఆరోజే చెప్పేసింది. ఇంకొక్కసారి ఇలా అయితే ఇల్లు అమ్మేసి, బాతెల్‌లో దాని అపార్ట్‌మెంట్ పక్కన కాండో, అదే ఫ్లాట్, తీసుకోవాల్సిందేనంది. ఈయనేమో కదలనంటారు."

ఎందుకు కదలనంటారో నేను చుట్టూ చూస్తే తెలిసింది. స్ట్రోక్ తర్వాత ఆయన నడక నేర్చుకుంది ఆ ఇంట్లోనే. గోడల వెంట చేతి ఎత్తులో సన్నటి మరక ఒకటి హాలు నుంచి పడగ్గది దాకా, అక్కడి నుంచి వరండా దాకా సాగి ఉంది. రెండేళ్లుగా ఎడమ చెయ్యి ఆనించి నడిచిన దారి అది. ఆంటీ ఇల్లంతా తుడుస్తారు గాని ఆ మరకని ముట్టుకోరట.

నేను మూల కొలిచాను, పైకప్పు కొలిచాను, ఫారం నింపుతున్నాను. అంకుల్ నా పక్కన నిలబడి చూస్తున్నారు. స్టవ్ పెట్టాలనుకున్న మూలని చూపించి, "అమ్మాయ్... ఇక్కడ మంట పెడితే... అక్కడ..." అంటూ ఎడమ చెయ్యి వంటింటి వైపు చాపారు.

"టీ అడుగుతున్నారు. పెడుతున్నా, ఉండండి. అతిథి వచ్చింది కదా, దాని వంకన ఈయనకీ ఇంకోటి" అన్నారు ఆంటీ.

అంకుల్ చెయ్యి దించేసి నవ్వారు. టీ వచ్చింది. నేను ఫారంలో చివరి వరుసలు టిక్ చేసి సంతకం పెట్టాను.

ఆ సాయంత్రం నా అభిప్రాయం రాయడానికి ఎక్కువ ఆలోచించలేదు. ఒక చెయ్యి పనిచేయని మనిషి, రోజంతా ఒంటరిగా ఉంటాడు: పెల్లెట్ స్టవ్, తోడుగా బ్యాటరీ. పొద్దున్నే ఆంటీ హాపర్ నింపి డ్యూటీకి వెళితే సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. వుడ్ స్టవ్ గురించి ఒక్క వాక్యం రాశాను, పనికిరాదని.

శనివారం ముగ్గురూ షాపుకి వచ్చారు. సారాకి నా వయసే ఉంటుంది, ఒక బయోటెక్ ల్యాబ్‌లో పని. అమెరికాలో పుట్టిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది, క్రియల దగ్గరికొచ్చేసరికి మాత్రం కొంచెం తడబడుతుంది. "మీ రిపోర్ట్ చదివాను. గుడ్. పెల్లెట్ తీసుకుంటాం. ఈజీ కదా" అంది.

ఆంటీ నా కాగితాన్ని కళ్లజోడు పెట్టుకుని ఆసుపత్రి చార్టు చదివినట్టు చదివారు. "బ్యాటరీ ఎంతసేపొస్తుందమ్మా?"

"కొన్ని గంటలు, ఆంటీ."

"కరెంటు నాలుగు రోజులు పోయింది."

"చిన్న జెనరేటర్ పెట్టుకోవచ్చు."

"వానలో బయటికెళ్లి దానికి పెట్రోల్ పోసేదెవరు? గాలివాన రోజున నేనింట్లో ఉండను. ఉండనివ్వరు. ఆరోజు ఇంట్లో ఉండేది ఈయనొక్కరే." ఆవిడ కాగితం నాకు తిరిగిచ్చారు. "నువ్వు మామూలు రోజుకి రాశావమ్మా. బాగా రాశావు. నాక్కావాల్సింది ఆ ఒక్క రోజుకి."

నాకు చెవులు వేడెక్కాయి. ఏడాదిన్నరలో నా అభిప్రాయాన్ని ఇంత మర్యాదగా, ఇంత పూర్తిగా ఎవరూ పడగొట్టలేదు.

వాల్ట్‌కి తెలుగు రాదు గాని, ఏదో తేలిందని అర్థమైంది. ఎప్పటిలాగే బస్తా తెచ్చి అంకుల్ ముందు పెట్టాడు. సారా "నో, నో" అంటున్నా అంకుల్ వంగి, ఎడమ చేత్తో బస్తా మెడ పట్టుకుని లేపారు. మోకాలి దాకా లేచి జారిపోయింది. మళ్లీ పట్టుకున్నారు. మళ్లీ జారింది. మేమంతా ఎటు చూడాలో తెలియక నిలబడ్డాం. ఆయనే మెల్లగా నడుం నిటారు చేసి, "ఇది... బస్తా కాదు. చంటిపిల్ల. రెండు చేతులూ... కావాలి" అన్నారు.

వాల్ట్ ఈసారి స్టవ్ పక్కన పేర్చి ఉన్న కట్టెల్లోంచి ఒక చిన్న ముక్క తీసి ఇచ్చాడు. అంకుల్ దాన్ని ఎడమ చేత్తో ఇటూ అటూ తిప్పి, స్టవ్ అంచుకి ఒకసారి తట్టారు. చెవి ఒగ్గి విని, తల అడ్డంగా ఊపారు. "ఎండలేదు."

నేను ఇంగ్లీషులో చెప్పేసరికి వాల్ట్ కనుబొమలు ఎగరేసి, కట్టెలో తేమ కొలిచే మీటర్ తెచ్చి గుచ్చాడు. నిజమే. అది షోకి పెట్టిన కట్టె, పచ్చిది. వాల్ట్ ఆ మీటర్‌ని జేబులో పెట్టుకుని, "ఈయన ఎవరు?" అని నన్నడిగాడు.

అప్పుడు ఆంటీ చెప్పారు. అమెరికా రాకముందు అంకుల్ ఒక చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ అటెండెంట్. పద్నాలుగేళ్లు చెరకు పిప్పి మంట ముందు నిలబడ్డారు. "ఈయనకి మంటంటే భయం లేదమ్మా. మంట లేకపోతేనే భయం."

ఆ తర్వాత షాపులో ఎడమ చేతి పరీక్ష మొదలైంది. వుడ్ స్టవ్ తలుపు గొళ్లెం ఒక్కో దానికి ఒక్కోలా ఉంటుంది. అంకుల్ మొదటి స్టవ్ గొళ్లెం తిప్పారు, ఇంకో చెయ్యి తలుపుని పట్టి ఉంచితేగానీ అది తెరుచుకోలేదు. రెండోది బిగువు. ఐదోది, మూలన ఉన్న చిన్నది, ఎవరూ అడగని పాత మోడల్, ఎడమ బొటనవేలితో పైకెత్తితే చాలు, తలుపు తనంతట తనే వచ్చేసింది. ఆయన దాన్ని మూశారు, తీశారు, మళ్లీ మూశారు. ముఖం మీద కొత్త బండి కొన్నవాడి నవ్వు.

కట్టెలు సన్నగా, చేతికి ఒక్కోటి వచ్చేలా చీల్చి ఇచ్చేవాణ్ణి వాల్ట్ మాట్లాడిపెట్టాడు. స్టవ్ పక్కన వాటికో బల్ల, వంగనక్కర్లేని ఎత్తులో. సారా అన్నీ విని నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "ఆనెస్ట్‌గా చెప్పు. నీ డాడీకి అయితే పెడతావా?"

"ఇందాకటి దాకా పెట్టనని అనుకున్నాను. ఇప్పుడు పెడతాను" అన్నాను.

"ఓకే. కానీ ఒక్కసారి ఏమైనా అయితే చాలు, వాళ్లు నా దగ్గరికి వచ్చేస్తారు. డాడీకి చెప్పేశాను. ఆయన కూడా ఓకే అన్నాడు."

నవంబర్ మొదట్లో స్టవ్ బిగించారు. పొగగొట్టం నేరుగా పైకి, వంపు లేకుండా. జిల్లా లాంటి కౌంటీ ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి పాస్ చేశాడు. కొత్త స్టవ్‌ని మొదటి రెండు మూడు సార్లు వెలిగించినప్పుడు పెయింట్ కాలి వాసన వస్తుంది, అందుకని కిటికీలు తీసి ఉంచమంటాం. వాళ్లు అలాగే చేశారు. పొగ చక్కగా పైకి పోతోందని ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. ఫారాన్ని ఫైల్లో పెట్టేశాను.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నా సెల్‌కి సారా ఫోన్ చేసింది. వెనక అలారం కూస్తోంది. "ఇల్లంతా స్మోక్. డాడీని బయట కూర్చోబెట్టాను. నువ్వు రావాలి, ప్లీజ్."

వాల్ట్ ఊళ్లో లేడు. ఒక్కదాన్నే వెళ్లాను. దారి పొడవునా మనసులో పొగగొట్టం ప్రతి అతుకూ విప్పి మళ్లీ బిగించాను.

వెళ్లేసరికి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, మంట ఆరిపోయింది. అంకుల్ వరండాలో కోటు వేసుకుని కూర్చుని ఉన్నారు. తప్పు చేసిన పిల్లాడిలా ముఖం పక్కకి తిప్పుకున్నారు. సారా చేతిలో ఫోన్ ఉంది. "వచ్చినందుకు థాంక్స్. రేపు ఇల్లు సేల్‌కి పెట్టడానికి రియల్టర్‌కి కాల్ చేస్తాను. నీ మీద కోపం లేదు" అంది. అది కోపం కన్నా కష్టంగా ఉంది.

చర్చి నుంచి వచ్చి, అందరూ భోజనానికి కూర్చోబోతుంటే జరిగిందట. చలిగా ఉందని కిటికీలు మూశారు. అంకుల్ మంట వేశారు, పావుగంట బాగానే మండింది. ఉన్నట్టుండి స్టవ్ తలుపు అంచుల్లోంచి పొగ వెనక్కి తన్నుకొచ్చింది.

నేను గొట్టం చూశాను, అందులో పొగను అదుపు చేసే డ్యాంపర్ చూశాను, నిచ్చెన వేసుకుని పైకప్పు మీది మూత చూశాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి. కిటికీలు మూయించి చిన్న మంట వేశాను. పొగ బుద్ధిగా పైకి పోయింది. ఆర్పి, మళ్లీ వేశాను. మళ్లీ పైకే. మంట పొగను పైకి లాగే శక్తిని డ్రాఫ్ట్ అంటాం. ఈ స్టవ్‌కి డ్రాఫ్ట్ పుస్తకంలో రాసినంత బాగుంది. ఇందాక ఇంటిని పొగతో నింపిన స్టవ్ ఇదేనంటే నమ్మేలా లేదు.

మోకాళ్ల మీద కూర్చుని మూడోసారి మంట వేస్తుంటే వెనక నుంచి "అమ్మాయ్..." అని వినిపించింది. అంకుల్ లోపలికొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డారు. "ఇక్కడ... మంట..."

"ఆయన ఏమంటారంటే..." అని ఆంటీ మొదలుపెట్టారు.

నేను పెద్దవాళ్ల మాటకి అడ్డు వెళ్లే మనిషిని కాను. అసలు మాటకే అడ్డు వెళ్లే మనిషిని కాను. కానీ ఆ చెయ్యి మళ్లీ వంటింటి వైపు చాచి ఉంది. అక్టోబరులో చాచినట్టే. "ఆంటీ, ఒక్క నిమిషం. అంకుల్‌ని చెప్పనివ్వండి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

అందరం ఊరుకున్నాం. చాలాసేపే పట్టింది.

"మా బాయిలర్‌కి... రెండు ఫ్యాన్లు. ఒకటి... గాలి లోపలికి తోసేది. ఒకటి... పొగ బయటికి లాగేది. రెండూ... సరిపోవాలి. లాగేది... ఎక్కువైతే..." ఆగారు. ఊపిరి తీసుకున్నారు. చూపుడువేలితో హుడ్‌ని చూపించారు. "ఈ ఇంట్లో... లాగేది... అది."

ఆయనే పూర్తి చేశారు. "ఆరోజే... చెప్దామనుకున్నా. టీ... ఇచ్చారు."

నా సంచిలో అగరుబత్తి ఉంటుంది, గాలి ఎటు పోతోందో చూడడానికి. వెలిగించి స్టవ్ తలుపు దగ్గర పట్టుకున్నాను. పొగ సన్నటి దారంలా స్టవ్‌లోకి పోయింది. "ఆంటీ, హుడ్ వేయండి. పోపుకి వేసినంత."

హోరు మొదలైంది. దారం వణికింది, నిటారుగా నిలబడింది, తర్వాత వెనక్కి వంగి నా ముఖం మీదుగా వంటింటి వైపు పరుగెత్తింది. సారాని కిటికీ తీయమన్నాను. దారం మళ్లీ స్టవ్‌లోకి తిరిగింది.

అంతే సంగతి. కిటికీలన్నీ మూసిన ఇంట్లోంచి అంత పెద్ద హుడ్ గాలిని బయటికి తోడేస్తుంటే, ఆ లోటు పూడ్చడానికి ఎక్కడో ఒకచోట నుంచి గాలి లోపలికి రావాలి. దానికి దొరికిన దారి పొగగొట్టం. పెయింట్ వాసన పోవడానికి కిటికీలు తీసి ఉంచినన్నాళ్లూ ఈ తప్పు దాక్కుంది. ఆదివారం చలికి కిటికీలు మూసి, పప్పుకి పోపు పెట్టగానే బయటపడింది.

నేను ట్యాబ్‌లో ఉన్న ఫారం కాపీ తెరిచి చివరి వరుస చూశాను. 'ఇంట్లోని ఎగ్జాస్ట్ ఫ్యాన్లు: సాధారణం, ప్రత్యేకం.' నా టిక్ 'సాధారణం' దగ్గర ఉంది. పోపు ఘాటు బట్టలకి పట్టకుండా ఇల్లు కొన్న నెలలోనే అందరికన్నా పెద్ద హుడ్ బిగించుకోవడం ఇక్కడ నాకు తెలిసిన ప్రతి తెలుగింట్లోనూ ఉన్నదే. ఆ హోరు కింద నిలబడి కూడా నాకు అది కొత్తగా అనిపించలేదు. మా షాపులో ఇంకెవరు వెళ్లినా, ఆ శబ్దానికి ఉలిక్కిపడి 'ప్రత్యేకం' దగ్గర టిక్ పెట్టేవారు. నాకు మాత్రం అది ఇంటి శబ్దం.

ట్యాబ్ వాళ్ల ముందు పెట్టి చెప్పాను. "తప్పు స్టవ్‌ది కాదు, అంకుల్‌ది కాదు. ఇది నేను చూడాల్సింది. చూడలేదు."

సారా ఆ టిక్‌ని చూసింది, హుడ్‌ని చూసింది. ముఖం ఎర్రబడింది. "అది నేనే పెట్టించాను. నా ల్యాబ్ కోట్‌కి కూడా ఫుడ్ స్మెల్ వస్తుంది అని మమ్మీతో ఫైట్ చేశాను" అంది.

"చేసింది, చేసింది. వారం రోజులు నాతో మాట్లాడలేదు" అన్నారు ఆంటీ. అప్పుడు మొదట నవ్వింది అంకుల్.

"సో, కిటికీ తెరిస్తే ఓకేనా?" అంది సారా.

"ఈ వారానికి ఓకే. కానీ కిటికీ మర్చిపోతాం" అన్నాను. "మేకప్ ఎయిర్ అని ఒకటి బిగిస్తాం. హుడ్ వేయగానే గోడలో ఒక తలుపు తనంతట తనే తెరుచుకుని, హుడ్ లాగినంత గాలి బయట నుంచి లోపలికొస్తుంది. అది పెట్టేదాకా మంటా, హుడ్ కలిపి వేయొద్దు."

"అదే... లోపలికి తోసే... ఫ్యాను" అన్నారు అంకుల్ నాతో, తోటి ఉద్యోగితో అన్నట్టు.

సారా ఫోన్ సోఫాలో పడేసి, "డాడీ, నువ్వు చేసి చూపించు. మొదటి నుంచి. మేము హెల్ప్ చెయ్యం" అంది. చేతులు వెనక్కి కట్టుకుంది, సాయం చేయకుండా ఉండడానికి.

ఆ తర్వాత చూసింది నా డైరీలో రెండు పేజీలు ఉంది. ఆయన బల్ల దగ్గర ఎడమ చేత్తో కట్టెలు ఒక్కోటీ తట్టి విని మూడు ఎంచుకున్నారు. కింద రెండు ఎడంగా, పైన ఒకటి అడ్డంగా. వాటి మీద సన్నపుల్లలు. కుడి మోచేయిని స్టవ్ పక్క బల్ల మీద ఆనించారు, ఆ చేతికి అదొక్క పని ఉంది. కాగితాన్ని పళ్లతో పట్టుకుని ఎడమ చేత్తో మెలితిప్పారు. లైటర్ వెలిగించి పైనుంచి అంటించారు. తలుపుని వేలెడు సందు వదిలి, మంట చప్పుడు విన్నారు. ఆ చప్పుడు మారినప్పుడు, మాకెవరికీ తేడా తెలియకముందే, బొటనవేలితో తలుపు మూసేశారు. ఎక్కడా తొందర లేదు. మాటల కోసం వెతుక్కునే మనిషి అక్కడ దేనికోసమూ వెతుక్కోలేదు. నేను స్టవ్‌ల గురించి చదివిన పుస్తకాలన్నీ ఒక పక్కా, ఆ పది నిమిషాలు ఒక పక్కా.

సారా కళ్లు తుడుచుకుని, "పొగ వల్ల" అంది. గదిలో పొగ లేదు. "ఈ వింటర్ చూద్దాం" అంది తర్వాత.

సోమవారం వాల్ట్‌కి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన ఫారం ముందేసుకుని చూసి, "సాధారణం అంటే ఎవరికి సాధారణం?" అన్నాడు. ఆ మాట కొట్టేశాడు. దాని స్థానంలో ఇప్పుడు ఇలా ఉంటుంది: కిటికీలన్నీ మూసి, ఫ్యాన్లన్నీ వేసి, స్టవ్ పెట్టబోయే చోట గాలి ఎటు పోతోందో చూడాలి. తెలుగిళ్లకి వెళ్లినప్పుడు నేను ఇంకొకటి అడుగుతాను. "ఆంటీ, ఏమీ అనుకోకండి, నేనున్నప్పుడే ఒక్క పోపు పెట్టండి." అందరూ నవ్వుతారు, పెడతారు, ఆపైన భోజనం చేయకుండా వెళ్లనివ్వరు.

ఆ కేసు నాకు నేర్పింది ఫ్యాన్ల లెక్క ఒక్కటే కాదు. ఇంటికి ఏ స్టవ్ కావాలో ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువసేపు ఉండే మనిషికి తెలుస్తుంది. ఆ మనిషి చివరగా, మెల్లగా చెప్పవచ్చు. నాకూ మాట తొందరగా రాదు. ఆ కారణానికైనా ఇంకొకరి మాట పూర్తయ్యేదాకా ఆగడం అందరికన్నా ముందు నాకు తెలిసి ఉండాల్సింది. ఇప్పుడు సర్వేలో టీ వచ్చినా ఫారం మూయను.

జనవరిలో గాలివాన వచ్చింది. కిందటేడులాగే చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది, ఆంటీ ఆసుపత్రిలో ఉండిపోయారు. మర్నాడు పొద్దున్నే మా షాపులో కూడా దీపం లేదు. వాల్ట్, నేను కోట్లు వేసుకుని వుడ్ స్టవ్ ముందు కూర్చున్నాం. పెల్లెట్ స్టవ్‌లన్నీ చల్లగా చూస్తున్నాయి. అంకుల్‌కి ఫోన్ చేశాను. సారా పవర్ బ్యాంక్ కొనిచ్చింది కాబట్టి మోగింది.

ఆయన ఎత్తారు. ఏమీ అడగకుండా ఆగాను. అటువైపు కట్టె చిటపట వినిపించింది.

"అమ్మాయ్... వెచ్చగా ఉంది" అన్నారు.

ఆగాను.

"పొగ... పైకే పోతోంది. పోపు పెట్టేవాళ్లు... లేరు. హుడ్‌కి... కరెంటు లేదు." ఒక నవ్వు వినిపించింది. ఫోన్ పెట్టేయబోతూ ఆపుకున్నాను, ఆయన మాట ఇంకా అయిపోలేదని తెలిసింది.

"టీ మాత్రం... స్టవ్ మీదే... పెట్టుకున్నా. ఎవర్నీ... అడగకుండా."